మా అత్తగారి ఎక్స్ఛేంజి

కొత్త బ్రాంచి విషయంలో ఏం జరిగిందో చెప్పాలంటే ముందు మా అత్తగారి గురించి చెప్పాలి. ఇష్టం లేకపోయినా తప్పదు.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం, చెవుల వెనక కాడలు వంచి సరిచెయ్యడం నా పని. చేరిన కొత్తలో చీపురు కూడా పట్టాను. ఇప్పుడు యజమాని లేనప్పుడు షాపు తాళాలు నా దగ్గరే ఉంటాయి. ఊరికి అటు చివర ఇంకో షాపు తెరుస్తున్నాననీ, దాన్ని నువ్వే చూసుకోవాలనీ, పైనున్న రెండు గదుల్లో కాపురం ఉండవచ్చనీ ఆయన ఒకరోజు చెప్పాడు. నెలాఖరులోగా ఏ సంగతో తేల్చి చెప్పమన్నాడు. ఆ గదులు చూసొచ్చాను. గోడల సున్నం పెచ్చులూడుతోంది, వంటగది కిటికీ సరిగా మూతపడదు. కానీ ప్రతి గోడకూ స్విచ్చు ఉంది. నొక్కాను, లైటు వెలిగింది. నువ్వెవరని నన్ను ఎవరూ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది.

లైటు వెలిగితే ఏడవడమేమిటి అనుకునేవాళ్ళు మా అత్తగారింట్లో ఆరేళ్ళు కోడలిగా ఉండి రావాలి.

ఆవిడను వీధిలో అందరూ ఎక్స్ఛేంజి పిన్ని అంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరైన మనిషి. ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాలి. బల్ల మీద వరసగా కన్నాలు, చేతిలో తాళ్ళలాంటి వైర్లు, చెవికి హెడ్‌సెట్. ఈ కన్నంలోంచి తీసి ఆ కన్నంలో గుచ్చితే లైను కలిసేది. నాకు ఎవరిని చూసినా ముందు ముక్కూ చెవులూ కనిపిస్తాయి, తర్వాతే మనిషి. మా అత్తగారి ఎడమ చెవి కుడిదాని కన్నా తలకు బాగా అతుక్కుని ఉంటుంది. హెడ్‌సెట్ నొక్కి నొక్కి అలా అయిందట. ఏదైనా వినేటప్పుడు తల ఎడమవైపుకు వాల్చి, చూపు ఎటూ కాకుండా పెడుతుంది. ఆ వాలకం చూస్తే అబద్ధం చెప్పబోయినవాడు కూడా మానేస్తాడు.

కొంతకాలానికి ఎక్స్ఛేంజిలో ఆ బల్లలన్నీ పీకేసి కంప్యూటర్లు పెట్టారు. లైన్లు వాటంతటవే కలవడం మొదలైంది. మా అత్తగారిని తీసుకెళ్ళి ఫిర్యాదులు రాసుకునే గదిలో ఒక మూల కూర్చోబెట్టారు. ఇంకొకరైతే ఏడ్చి ఊరుకునేవాళ్ళే. ఈవిడ కక్షగట్టి కంప్యూటరు నేర్చుకుంది. రిటైరవగానే తనను మూల కూర్చోబెట్టిన ఆ యంత్రాన్నే ఇంటికి తెచ్చి తన చెప్పుచేతల్లో పెట్టుకుంది. సెల్‌ఫోన్లు రిపేరు చేసే అతన్ని పిలిపించుకుని కొంత, వీడియోలు చూసి కొంత, మా ఆయన్ని నిచ్చెన ఎక్కించి కొంత, ఇల్లంతా వైర్లు లాగించింది.

మెట్ల కింద పాత కంప్యూటరు ఒకటి ఎప్పుడూ గురక పెడుతూ ఉంటుంది. ఆ ఇంటికి మెదడు అదే. మోటారు, గీజరు, ఫ్యాన్లు, లైట్లు, వీధి తలుపు తాళం, వాషింగ్ మెషిను, కిటికీ తెరలు అన్నీ దాని చేతిలో, అది ఆవిడ చేతిలో. స్విచ్చుల వల్ల గోడలు మురికవుతున్నాయని స్విచ్చులు పీకించి నున్నటి పలకలు బిగించింది. గదికో చిన్న మాట్లాడే డబ్బా పెట్టింది. దాని పేరు ఆపరేటర్. ఆపరేటర్, మోటారు వెయ్యి అంటే వేశానండి అంటుంది. ట్యాంకు నిండగానే తనే ఆపేస్తుంది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మా ఇంట్లో నీళ్ళు పొర్లిపోలేదు, ఆ ఒక్క మంచీ ఒప్పుకుంటాను. ఇంట్లో సరుకులు అయిపోయే ముందే షాపుకు కబురు వెళ్ళిపోయేది. మందులు వేసుకునే వేళ అదే గుర్తుచేసేది. వీధిలోవాళ్ళు వచ్చి నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూసి వెళ్ళేవాళ్ళు. చూసి వెళ్ళేవాళ్ళకేం, ఉండేవాళ్ళకు తెలుస్తుంది.

ఆ కంప్యూటరులో మనుషులకు మూడు తరగతులున్నాయి. మొదటిది యజమాని, అది ఆవిడ. రెండోది కుటుంబం, అంటే కొడుకూ మనవరాలూ. మూడోది అతిథి. నేను కాపురానికి వచ్చిన వారంలో మా అత్తగారు నా గొంతూ వేలిముద్రా తీసుకుని నన్ను అతిథిలో చేర్చింది. తర్వాత మారుస్తానంది. అతిథి తన గదిలో లైటూ ఫ్యానూ వేసుకోవచ్చు. వీధి తలుపు తీసుకోవచ్చు. గీజరు, మోటారు, వాషింగ్ మెషిను మాత్రం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ డబ్బా తేనె పూసిన గొంతుతో, క్షమించండి, దీనికి మీకు అనుమతి లేదు అంటుంది. అడిగినప్పుడల్లా మా అత్తగారు మరిచిపోయానని అనేది. ఊళ్ళో సగం మంది ఫోన్ నంబర్లు ఇప్పటికీ తడుముకోకుండా చెప్పే మనిషి కోడలి పేరు మార్చడం మరిచిపోయింది. మా పిల్ల పుట్టింది, మాటలు నేర్చింది, ఒకరోజు ఆపరేటర్, ఫ్యాన్ అంది, అంతే, ఆ సాయంత్రమే కుటుంబంలో చేరిపోయింది. అప్పటినుంచి వేడినీళ్ళు కావాలంటే నేను నా కడుపున పుట్టిన పిల్లను బతిమాలుకోవాలి. అది చాక్లెట్ ఇస్తే గాని ఆపరేటర్‌తో మాట్లాడేది కాదు, ఆ తెలివి ఎవరిదో నాకు తెలుసు.

మా ఆయనకు చెప్పుకుంటే, పోనీలే, పెద్దది అనేవాడు. ఆయన ప్రెస్సులో అచ్చు మెషిను మీద పనిచేస్తాడు. రోజంతా ఆ రొదలో ఉండి ఉండి మాట్లాడటం మీద నమ్మకం పోయిందేమో, ఎవరేమన్నా సరేనంటాడు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ మెచ్చుకుంటారు. నేనూ చాలాకాలం మెచ్చుకున్నాను.

మా మామగారి గురించి కూడా చెప్పాలి. నేను వచ్చాక ఆయన రెండేళ్ళు ఉన్నారు. ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేవారు. పొద్దున కూర్చుంటే భోజనానికి లేచేవారు, మళ్ళీ కూర్చుంటే చీకటి పడ్డాక లేచేవారు. నాతో మాట్లాడేవారు, కొడుకుతో మాట్లాడేవారు, పేపరు వేసేవాడితో కూడా మాట్లాడేవారు. భార్యతో మాత్రం ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. టీ కావలసివస్తే ఎదురుగా ఉన్న డబ్బాతో, టీ అయిందేమో కనుక్కో అనేవారు. అది, క్షమించండి, నాకు అర్థం కాలేదు అనేది. వంటింట్లోంచి మా అత్తగారు గాలిలోకి, అవుతోంది అనేది. నేను కొత్తలో ఇదంతా సరసమనుకుని నవ్వుకున్నాను. తర్వాత మా ఆయన్ని అడిగితే, చిన్నప్పటినుంచీ వాళ్ళంతే అన్నాడు. ఆయన పోయాక కూడా ఆ కుర్చీని అక్కడినుంచి కదపనివ్వలేదు మా అత్తగారు, అలాగని అందులో ఎవరినీ కూర్చోనివ్వనూ లేదు.

డబ్బాల అసలు గుట్టు నాకు పోయిన ఏడాది తెలిసింది. ఆ రోజు షాపుకు సెలవు. మధ్యాహ్నం మా గదిలో కూర్చుని మా అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నాను. ఫోన్ స్పీకరులో పెట్టి బట్టలు మడత పెడుతున్నాను. మధ్యలో అక్క, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ఉండవే అని వెళ్ళింది. నేను ఊరికే కూర్చున్నాను. గదిలో చప్పుడు లేదు. అంతలో అలమార మీది డబ్బాలోంచి మా అత్తగారి గొంతు వచ్చింది.

"మాట్లాడుతున్నారా?"

అంతే, టక్కున ఆగిపోయింది.

నా చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లకు అదొక అలవాటట. లైను కలిపాక అది పనిచేస్తోందో లేదో కాసేపు వింటారు. అవతల చప్పుడు లేకపోతే మాట్లాడుతున్నారా అని అడుగుతారు, జవాబు రాకపోతే వైరు పీకేస్తారు. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు, నా గది నిశ్శబ్దంగా ఉండేసరికి జారింది. గోడలకు చెవులుంటాయంటే మాట వరసకు అనుకున్నాను, మా ఇంట్లో నిజంగానే ఉన్నాయి.

కిందికి దిగి వెళ్ళాను. ముందుగదిలో సోఫాలో కూర్చుని ఉంది, ఎడమ చెవిలో ఎప్పుడూ పెట్టుకునే నల్లటి ఇయర్‌ఫోన్ ముక్కతో. అడిగాను. ఏమాత్రం జంకలేదు. లైను చూశానంది. ఇంట్లో అన్ని డబ్బాలూ పనిచేస్తున్నాయో లేదో రోజూ చూసుకోవడం తన పని అంది. నా గదిలో మాటలు మీకెందుకంటే, తల ఇంకా పైకెత్తింది.

"విన్నది చెవి దాటదు అమ్మాయ్. నా సర్వీసంతా దాటలేదు. పెద్దపెద్దవాళ్ళ గుట్లు నా చెవిలోనే చచ్చాయి, నీవెంత."

మాటకు వస్తే అదే ఆవిడ గొప్ప. ఎక్స్ఛేంజిలో అది నియమమట, విన్నా విననట్టే ఉండాలి, ఎవరికీ చెప్పకూడదు, దాని మీద ఏ పనీ చెయ్యకూడదు. నేను రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ముందు ఈ పంచాయతీ పెట్టాను. ఆయన పళ్ళెంలోకి చూస్తూ, చెప్పదులే, అమ్మ ఎవరికీ ఏమీ చెప్పదు అన్నాడు. డబ్బా తీసేయిస్తారా లేదా అని అడిగితే, చూద్దాం అన్నాడు.

అప్పుడు నాకు బుర్ర వెలిగింది. విన్నది చెవి దాటకూడదు కదా, అయితే వినిపిద్దాం. ఆ మర్నాటినుంచి అక్కతో రోజూ డబ్బా పక్కనే నిలబడి మాట్లాడేదాన్ని. మా అత్తగారి నడక, ఆవిడ పిసినారి చూపు, ఆవిడ అతుక్కుపోయిన చెవి, మామగారు అలా నోరు మూసుకుని పోవడానికి ఎవరు కారణమై ఉంటారో, ఒక్కటీ వదల్లేదు. మా అక్క కూడా ఓ చెయ్యి వేసేది. సిగ్గుపడ్డానా అంటే లేదు. కడుపు చల్లబడింది. జవాబు చెబితే నియమం తప్పినట్టు, ఊరుకుంటే తిట్లు పడ్డట్టు. మింగలేక కక్కలేక ఆవిడ అలా ఉండటం చూసి నాకు ఆకలి కూడా పెరిగింది.

ఆవిడ మాత్రం తక్కువ తిందా. నోటితో జవాబు చెప్పలేదు గాని ఇంటితో చెప్పించింది. నేను తలకు సబ్బు పెట్టుకోగానే గీజరు ఆగిపోయేది. సెలవు రోజు కాస్త ఒళ్ళు వాల్చితే తెల్లవారకముందే మా గది తెరలు వాటంతటవే పక్కకు జరిగిపోయేవి. నా బట్టలు వేసిన రోజునే వాషింగ్ మెషినుకు ఏదో తేడా వచ్చేది. అడిగితే, కంప్యూటరు కదా, మనిషి కాదుగా, ఎందుకో చెప్పడానికి అనేది. అత్త మీది కోపం దుత్త మీద అన్నారు. నేను ఆ డబ్బాను ఎత్తి ఖాళీ సరుకుల డబ్బాలో పడేసి మూత బిగించాను. సాయంత్రానికి సరుకుల డబ్బా కడిగి బోర్లించి ఉంది, తుడిచిన ఆపరేటర్ మళ్ళీ అలమార మీద ఉంది.

ఈ యుద్ధంలో ఉండగానే కొత్త బ్రాంచి మాట వచ్చింది. మా ఆయనతో గదిలోనే చెప్పాను, గుసగుసలు కాదు, గొంతెత్తి చెప్పాను. వినేవాళ్ళు వినాలనే. అక్కడ జీతం ఎక్కువని, పిల్ల బడి నాలుగడుగులని, ఆయన ప్రెస్సుకు బస్సు మారనక్కర్లేదని అన్నీ చెప్పాను. ఈ ఇంట్లో ఇంకో ఏడాది ఉంటే నేను మనిషిని కాకుండా పోతానని కూడా చెప్పాను. ఆయన గోళ్ళు చూసుకుంటూ విన్నాడు. సరే అన్నాడు. అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు తొందరపడకు, మీ షాపాయనకు కూడా అప్పుడే ఏమీ చెప్పకు అన్నాడు. నేను నమ్మాను. ఆరేళ్ళలో మొదటిసారి ఆయన ఒక పని నెత్తిన వేసుకున్నాడని మురిసిపోయాను.

రోజులు గడిచాయి. మా అత్తగారి మొహంలో ఏ మార్పూ లేదు. కానీ నన్ను చూసే చూపులో ఏదో ఉంది. ఏదో అనబోయి ఆగినట్టు పెదవులు బిగించేది. అంటే విన్నది, ఏదో పన్నుతోంది అనుకున్నాను. అలా ఉండగా షాపులో యజమాని నావైపు చూడటం మానేశాడు. ఫ్రేము అందివ్వబోతే బల్ల మీద పెట్టమనేవాడు. నెలాఖరు ఇంకా రాకముందే, కొత్త బ్రాంచికి ఇంకొకతన్ని పంపుతున్నారని బిల్లులు రాసేవాడు నా చెవిన వేశాడు. తాళాలు మర్నాడు అతని చేతికి ఇస్తున్నారట. నేను అద్దం అరగదీస్తున్నాను. చేతిలోనే పగిలింది.

యజమానిని అడగలేదు. అడగాల్సినవాళ్ళు ఇంట్లో ఉన్నారనుకున్నాను. తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే బయల్దేరాను. దారంతా ఒకటే ఆలోచన, ఆ ముసల్ది ఫోన్ చేసి చెప్పింది, నియమం గియమం అంతా ఒట్టిది, నా నోటి ముందు కూడు లాగేసింది. వీధి తలుపు దగ్గర వేలు పెడితే తలుపు తెరుచుకుంది. తిన్నగా మెట్ల కిందికి వెళ్ళి ఆ కంప్యూటరు వెనక వైర్ల కట్టనంతా గుప్పిట పట్టాను. పీకేస్తే ఇల్లంతా చీకటి. నాకు కావలసింది అదే.

"ముట్టుకోకు," అంది మా అత్తగారు వెనకనుంచి.

"మా షాపాయనకు ఫోన్ చేసి మీరేం చెప్పారు?"

"నేనెవరికీ చెయ్యలేదు."

"మరెవరు చేశారు, మీ ఆపరేటరా?"

నేను చేతిలో వైర్లు వదల్లేదు. అప్పుడు ఆవిడ చెవిలోంచి ఆ నల్లముక్క తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఆ చెవిని బోడిగా చూడటం నాకు అదే మొదటిసారి. ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.

"నీ మొగుడు చేశాడు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు, మీ గదిలోంచే. మా ఆవిడకు కుదరదండీ, మీ మొహం మీద చెప్పలేక తిరుగుతోంది, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాడు. నేను విన్నాను."

నమ్మలేదు. అబద్ధాలకోరు అనబోయాను. కానీ ఆ మాటలు నాకు తెలుసు. మొహం మీద చెప్పలేక అన్నది అచ్చంగా మా ఆయన మాట. ఇంటి అద్దె పెంచమని పక్కవాటా వాళ్ళను అడగలేకపోయినప్పుడు, ప్రెస్సులో సెలవు అడగలేకపోయినప్పుడు, అన్నిటికీ ఆయన వాడే మాట అది. ఇల్లు వదలాలన్నా భయమే, తల్లికి చెప్పాలన్నా భయమే, నాకు వద్దని చెప్పాలన్నా భయమే. నలుగురిలో ఎవరికీ చెడు కాకుండా నా ఒక్కదాని గొంతు తడిగుడ్డతో కోశాడు. కోసి, రాత్రి నా పక్కన కూర్చుని పిల్లకు బొమ్మలు గీసిచ్చాడు. వైర్లు వదిలేశాను. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

మీకేం లాభం, ఎందుకు చెబుతున్నారు, నేను ఇక్కడే పడుంటే మీకే కదా మంచిది అన్నాను. ఆవిడ కిటికీ పక్కనున్న కుర్చీవైపు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది, ఫిర్యాదు రాయించే మనిషిలా, గొంతులో ఏ ఎత్తూ లేకుండా.

మామగారు ఒకప్పుడు మిల్లులో మేస్త్రీ. వేరే ఊరి మిల్లువాళ్ళు మంచి జీతానికి రమ్మన్నారు. అదే వారంలో ఈ మిల్లు యజమాని పై ఊళ్ళో ఎవరితోనో మాట్లాడిన ట్రంకు కాల్ మా అత్తగారి బల్ల మీదుగా వెళ్ళింది. లైను చూడటానికి వింది. మిల్లు మూసేస్తున్నారు, యంత్రాలు అమ్మేస్తున్నారు. ఆ సాయంత్రం మామగారు ఇంటికొచ్చి, వెళ్దామా, ఉందామా అని ఈవిడనే అడిగారట. ఈవిడ మీ ఇష్టం అంది. ఆయన ఉండిపోయారు. నెల తిరక్కుండా మిల్లు గేటుకు తాళం పడింది. ఆ కాల్ ఎవరి బల్ల మీద వెళ్ళిందో తర్వాత ఎక్స్ఛేంజిలో ఎవరో ఆయనకు చెప్పారు. ఆ ఏడాదే మా అత్తగారికి మంచి ఉద్యోగి అని ఆఫీసులో అందరి ముందూ దండ వేశారు.

"అప్పుడు మాట్లాడటం మానేశారు. పోయేదాకా మాట్లాడలేదు. రోజూ ఎదురుగా కూర్చుని మాట్లాడలేదు," అంది. ఇంకా ఇలా అంది. "నీ మీద దయతో చెబుతున్నాననుకోకు. నువ్వంటే నాకు పడదు. డబ్బా దగ్గర నిలబడి నువ్వు వాగినవన్నీ నాకు గుర్తున్నాయి. కానీ ఇది ఎప్పటికైనా నీకు తెలుస్తుంది. తెలిశాక నువ్వు ఈ ఇంట్లో కూర్చుంటావు, ఆయనలాగే. అలాంటి మనిషితో నేను ఒకసారి బతికాను. ఇంకోసారి నా వల్ల కాదు. ఫోన్ చెయ్యి."

నాకు ఆవిడ మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుద్దామనుకుంటే ఎదురుగా ఆవిడ ఉంది, ఆవిడ ముందు ఏడవడం నాకు చచ్చినా ఇష్టం లేదు. ఫోన్ తీసి మా యజమానికి చేశాను. ఆవిడ కదల్లేదు, గోడకు ఆనుకుని బాహాటంగా వింటూ నిలబడింది. ఆయన ముందు తడబడ్డాడు. మీ ఆయన చెబితే నువ్వు చెప్పినట్టే అనుకున్నానమ్మా అన్నాడు.

"అద్దాలు పెట్టుకునేది నేనైతే చూపు పరీక్ష మా ఆయనకు చేస్తారా సార్? బ్రాంచికి వస్తానా రానా అన్నది నన్ను అడగండి. వస్తాను."

అవతల కాసేపు మాట లేదు. ఎదురుగా మా అత్తగారి పెదవులు కదిలాయి, ఆ అలవాటు మాట నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది, ఆపుకుంది. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, రెండో అతనికి తాళాలు ఇంకా ఇవ్వలేదనీ, అతనికి తనే ఏదో సర్దిచెబుతాననీ, పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళమనీ అన్నాడు. ఫోన్ పెట్టేశాక మా అత్తగారు, వెళ్ళేటప్పుడు ఈ ఇంటి వైరు ఒక్కటి కూడా ముట్టుకోవద్దు అంది. మీ వైర్లు ఎవడికి కావాలన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది, నేను పైకి వెళ్ళి పెట్టెలు దించాను.

మా ఆయన ఎప్పటిలాగే చీకటి పడే వేళకు వచ్చాడు. పిల్ల పక్కింట్లో ఆడుకుంటోంది. నేను మెట్లు దిగి ముందుగదిలోకి వచ్చాను. మా అత్తగారు వంటింటి గుమ్మంలో ఉంది. ఆయన చేతులకు అచ్చు సిరా అలాగే ఉంది. అరవాలని మధ్యాహ్నంనుంచీ మాటలు కూడబెట్టుకున్నాను, తీరా ఆయన మొహం చూసేసరికి అరవబుద్ధి కాలేదు. అంత చిన్న మొహం మీద అరవడానికి చోటు లేదు.

"బ్రాంచికి వస్తానని చెప్పేశాను. పొద్దున తాళాలు తీసుకుంటున్నాను. ఆదివారం నేనూ పిల్లా వెళ్ళిపోతాం. మీరొస్తే మీ బట్టలు కూడా సర్దుతాను."

ఆయనకు అర్థమైంది. కాదని గాని, నేను చెయ్యలేదని గాని అనలేదు. నా కళ్ళలోకి చూడకుండా, నీకెవరు చెప్పారు అని అడిగాడు. షాపులో తెలిసిందని చెబితే సరిపోయేది. చెబుదామనే నోరు తెరిచాను, ఆవిడను కాపాడాలని కాదు, ఆవిడకు నేను బాకీ ఉండటం ఇష్టం లేక. ఈలోగా గుమ్మంలోంచి మా అత్తగారు అంది.

"నేను చెప్పాను."

"నువ్వా? నువ్వు చెప్పావా?"

"విన్నాను. చెప్పాను."

మా ఆయన తల్లికి ఎదురు చెప్పడం నేను ఏనాడూ చూడలేదు. ఆ పూట ఆయన మొహం నల్లబడింది, దవడలు బిగిశాయి. నా మీద చూపించలేనిదంతా, తన మీద తను చూపించుకోలేనిదంతా ఆవిడ వైపు తిప్పాడు.

"ఇంక నాతో మాట్లాడకు," అన్నాడు. "ఎప్పుడూ మాట్లాడకు."

మెట్లెక్కి పైకి వెళ్ళి గది తలుపు వేసుకున్నాడు. మా అత్తగారు అక్కడే నిలబడి, తల ఎడమవైపుకు వాల్చి, ఆ తలుపు చప్పుడు ఆగేదాకా విన్నది. నాకు ఆవిడ మీద జాలి కలిగింది. అలా కలిగినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. ఏదో ఒకటి అందామనుకున్నాను. ఆరేళ్ళుగా ఆవిడతో మంచిమాట ఆడి ఎరగను, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆవిడే చెంగుతో చేతులు తుడుచుకుని, పిల్లను పిలుచుకురా, భోజనానికి వేళయింది అంది. నేను వెళ్ళి పిల్లను తీసుకొచ్చాను. వచ్చేసరికి ఆవిడ నాలుగు పళ్ళేలూ వేసి, మెట్లవైపు చూస్తూ కూర్చుని ఉంది. నేను పైకి వెళ్ళి ఆయన్ని పిలిచాను. ఆయన తలుపు తియ్యకుండానే, ఆకలి లేదని అమ్మతో చెప్పు అన్నాడు.